పెళ్ళి బియ్యపు జావ

జనవరి 10, 2025. శుక్రవారం

ఇంట్లో నేను ఏం మాట్లాడినా అపశకునం అంటున్నారు. నొప్పి అంటే అపశకునం. ఆపరేషన్ అంటే అపశకునం. జబ్బు పేరయితే అసలు పలకకూడదట, 'అది' అనాలట. సరే, పలకను. ఇక్కడ రాసుకుంటాను. కాగితం చెవులు మూసుకోదు కదా.

క్యాన్సర్. కుడి రొమ్ములో. సెప్టెంబరులో తెలిసింది. ఎర్ర మందు నాలుగు డోసులు అయ్యాయి, జుట్టు పోయింది. మొన్న బుధవారం ఖమ్మంలో కొత్త మందు మొదలుపెట్టారు. ఇదీ నాలుగు డోసులే. మార్చిలో అయిపోతే స్కాన్ తీస్తారు. గడ్డ తగ్గితే ఆపరేషన్. తగ్గకపోతే ఏమిటో డాక్టరమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇవాళ పరామర్శకు ముగ్గురు వచ్చారు. దేవుడు తనకి ఇష్టమైన వాళ్ళకే కష్టాలు పెడతాడమ్మా అని ఒకావిడ అంది. ఆవిడకి సుగర్ కూడా లేదు. మరి మీరంటే ఆయనకి అంత అయిష్టమా అని అడగబోయాను. అత్తయ్య నా మొహం చూసింది. నువ్వెళ్ళి పడుకో ప్రియా అని గదిలోకి పంపేసింది.

గదిలోకి కూడా వినబడుతూనే ఉంది. అంతా మన మంచికే. ఆయన పరీక్ష పెడతాడు, ఆయనే గట్టెక్కిస్తాడు. నేను జూలూరుపాడు స్కూల్లో లెక్కలు చెబుతాను. పరీక్ష పెట్టే ముందు నేను సిలబస్ చెబుతాను.

పాపని బోనకల్‌లో మా అక్క దగ్గర వదిలి ఎన్నాళ్ళయింది! అది ఎవరి మంచికో ఒక్కరూ చెప్పలేదు.

జనవరి 17. శుక్రవారం

వడ్లు వచ్చాయి.

భద్రాచలంలో శ్రీరామనవమి కళ్యాణానికి మా ఊరి నుంచి ఏటా తలంబ్రాల బియ్యం వెళ్తాయి. మరలో ఆడించినవి పనికిరావు, దంచినవి పనికిరావు. ఒక్కొక్క గింజనీ గోటితో ఒలవాలి. ఒలుస్తూ రామ అనాలి. గింజకి రెండు మొనలూ ఉండాలి, విరిగితే అది నూకల్లోకి పోతుంది, పెళ్ళికి పోదు. పెళ్ళయి వచ్చిన ఏడాది మొదటిసారి చూసి నవ్వాను. ఇంతమంది ఆడవాళ్ళు ఇన్ని నెలలు కూర్చుని గింజలు గిల్లుతారా అని. తర్వాత నేనూ గిల్లాను. చెప్పాలంటే బాగానే గిల్లేదాన్ని.

వడ్లు పంచేది బసవపున్నయ్యగారు. ఊళ్ళో పెద్ద రైతు, ఈ ఒలుపు బృందానికి ఆయనే పెద్ద. అత్తయ్య ఈసారి రెండు వాటాలు అడిగి తీసుకుంది. అందరి ముందూ మొక్కుకుంది కూడా. మా అమ్మ నా పెళ్ళికి పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు డబ్బాలు రెండు తెచ్చి దేవుడి అరుగు మీద పెట్టింది. ఒకటి మంచి గింజలకి, ఒకటి నూకలకి. మంచి గింజల డబ్బా నవమిలోగా నిండితే నా కోడలు నిలుస్తుంది రామయ్యా అంది.

నా ప్రాణం ఇప్పుడు ఒక డబ్బా అన్నమాట. మూతతో సహా.

పోయే ముందు బసవపున్నయ్యగారు గొంతు తగ్గించి, అమ్మాయిని మాత్రం ముట్టుకోనివ్వకు అక్కయ్యా, ఒంట్లోకి అన్నేసి మందులెక్కుతున్నాయి, స్వామివారి వస్తువు కదా అన్నాడు. గొంతు తగ్గించినా నాకు వినబడింది. నేను ఎలాగూ ముట్టుకోదలచుకోలేదు. సెప్టెంబరు నుంచి నేను ఆ రాముడి పేరు పలకడం మానేశాను. కానీ నేను వద్దనుకోవడం వేరు, నన్ను వద్దనడం వేరు. ఒళ్ళు మండిపోయింది.

జనవరి 30. గురువారం

నిన్న రెండో డోసు. గోళ్ళు నల్లబడుతున్నాయి.

ముత్తక్క చూసింది. వాగవతల కోయగూడెం నుంచి మా మిరప తోటకి కాయ కోతకి వస్తుంది. మంచినీళ్ళకని వచ్చి నా చేయి పట్టుకుని, గిదేంది బిడ్డా, గడ్డలు తవ్వొచ్చినట్టు గోర్లు గిట్లయినయి అంది. మందు వల్ల అన్నాను. గది మంచి చేసే మందేనా అని అడిగింది. అవ్ అన్నాను. దేవుడి గురించి ఒక్క మాట చెప్పకుండా మా ఇంటి గడప దాటిన మనిషి ఈ నెలలో ఈవిడ ఒక్కతే.

ఫిబ్రవరి 4. మంగళవారం

బసవపున్నయ్యగారు ఒలుపు ఎంతవరకూ వచ్చిందో చూడటానికి వచ్చాడు. వచ్చినవాడు డబ్బా చూసి పోవచ్చు కదా. కూర్చున్నాడు. పూర్వజన్మలో ఏ చెట్టు కొట్టామో, ఏ పుట్ట తవ్వామో, అనుభవించక తప్పదు తల్లీ అని నాకు చెప్పాడు.

ఈ జన్మలో ఆయన రాత్రికి రాత్రి కొట్టించిన టేకు చెట్ల సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ మాటే అందామనుకున్నాను. నిజానికి సగం అన్నాను కూడా. టేకు దాకా వచ్చేసరికి ఉదయ్ గట్టిగా దగ్గాడు. నా మొగుడు ఉదయ్ భాస్కర్‌కి ఎవరితోనూ గొడవ వద్దు. దేవుడితో కూడా.

ఆయన పోయాక అత్తయ్య, పెద్దవాళ్ళతో ఆ మాటలేంటి అంది. పెద్దవాళ్ళు నాతో ఆ మాటలేంటి అన్నాను. ఆవిడ మళ్ళీ వడ్ల ముందు కూర్చుంది. ఈ గింజల కోసం ఆవిడ మిరప కల్లం వైపు పోవడం కూడా మానేసింది, వేళ్ళకి కారం అంటుతుందని. స్నానం చేసి, చాప వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, రామ, రామ, రామ. గోడ గడియారం నయం.

ఫిబ్రవరి 11. మంగళవారం

నిద్ర పట్టక పొద్దున్నే లేచి కూర్చున్నాను. పోయినేడు ఆరో తరగతి పిల్లల్ని పర్ణశాలకి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్ళిన సంగతి గుర్తొచ్చింది. సీతమ్మను ఎత్తుకుపోయింది ఇక్కడే అని రంగుల బొమ్మలు చూపిస్తుంటే ఒక పిల్ల అడిగింది. టీచర్, రాముడు దేవుడు కదా, ఆమె ఎక్కడుందో ఆయనకి తెలియదా, ఎందుకు ఏడ్చాడు అని. అదంతా లీల అన్నాను, లైన్లో నడువు అన్నాను.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్న నా మెడకి చుట్టుకుంది.

ఏడ్చాడు కదా. ఈ అడవిలోనే. మా ఊరి బస్సు పోయే దారిలోనే. చెట్టునీ పుట్టనీ పట్టుకుని నా సీత కనబడిందా అని అడిగాడు కదా. అప్పుడు ఆయన దగ్గరికి పరామర్శకు ఎవరూ రాలేదు. అంతా మన మంచికే రామచంద్రా అని ఎవరూ అనలేదు. పక్కన తమ్ముడు ఉన్నాడు. ఆ తమ్ముడు కూడా అనలేదు. అన్నతో పాటు తిరిగి వెతికాడు, అంతే. మరి ఇంత తెలిసినవాడు, ఇంత పడ్డవాడు, నా దగ్గరికి వచ్చేసరికి ఈ బసవపున్నయ్యల్ని పంపిస్తాడేం?

ఇంకొకటి రాస్తాను, ఎవరూ చూడరు కాబట్టి. ఆయన మంచివాడు కాడని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. అదే నా బాధ. మిరపకి తెగులొస్తే తెగులు మీద కోపం రాదు, మందు కొడతాం. కోపం వచ్చేది మనవాళ్ళ మీదే.

ఫిబ్రవరి 19. బుధవారం

మూడో డోసు. దారంతా కారేపల్లి దాకా డోకులు.

ఫిబ్రవరి 23

నోరంతా పుండు. మంచినీళ్ళు కూడా మంటే.

ఫిబ్రవరి 26. బుధవారం, శివరాత్రి

అత్తయ్య జాగారానికి బృందంతో పర్ణశాల వైపు వెళ్ళింది. రేపు వస్తుంది. వెళ్ళనని ఏడ్చింది, నేనే పొమ్మన్నాను. ఇంట్లో ఒక్కరోజు రామ అన్న శబ్దం లేకుండా ఉంటుంది అనుకున్నాను. ఉంది. బాగాలేదు.

పోయే ముందు ఉదయ్‌కి చెప్పింది, నూకల డబ్బాలోవి గుప్పెడు తీసి జావ కాచి పెట్టు, మెత్తగా ఉంటే దిగుతుంది అని. ఉదయ్ తలూపాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఉదయ్ స్టవ్ వెలిగించింది ఒక్కసారి, అదీ సిగరెట్‌కి.

నాలుగు రోజులుగా ఏదీ లోపలికి పోవడం లేదు. ఏది పెట్టినా నోరు మంట, మింగితే డోకు. రేపు కూడా ఇంతే అయితే ఖమ్మం తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాలంటున్నాడు.

ఫిబ్రవరి 27. గురువారం, పొద్దున 9

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి, సాయంత్రానికి ఇంట్లో అందరూ తలొక రకంగా చెబుతారు.

ఉదయ్ ఏడింటికి జావ తెచ్చాడు. చేతి మీద కాలింది. పంచె మీద మసి. గిన్నె అడుగంటిందని, పైన తేరినది తెచ్చానని చెప్పాడు. స్పూనుతో పట్టాడు. మొదటి స్పూను మింగాను. మంట లేదు. ఉప్పు కూడా వేయలేదు, మర్చిపోయాడట. ఆ మర్చిపోవడమే మంచిదైంది.

రెండో స్పూను చూశాను. నూకలైతే జావలో కరిగిపోతాయి. ఇవి కరగలేదు. పొడుగ్గా ఉన్నాయి. రెండు మొనలూ ఉన్నాయి.

రెండు డబ్బాలూ ఒక్క సైజు. రెంటి మీదా నా పేరే. అత్తయ్య మంచి గింజల డబ్బాకి పసుపు బొట్టు పెట్టింది, అది చేతులు తగిలి తగిలి చెరిగిపోయింది. అందులోంచి తీశాడు. గుప్పెడు కాదు. మొదటి దఫా మాడిందని పారబోసి, మళ్ళీ తీసి కాచాడు. నెలా పది రోజుల రామ, రామ, రామ.

నాకు తెలిసిపోయింది. ఉదయ్‌కి తెలియదు. స్పూను నా నోటి ముందు ఉంది. వాళ్ళమ్మ చెప్పినట్టే చేశానన్న ధీమాతో ఆ మనిషి మొహం వెలిగిపోతోంది.

ఆపమని చెప్పొచ్చు. చెప్పలేదు. నోరు తెరిచాను. రామా, నీ పెళ్ళి బియ్యం తింటున్నాను, ఏం చేసుకుంటావో చేసుకో అనుకున్నాను. సెప్టెంబరు తర్వాత ఆయన పేరు తలుచుకోవడం అదే మొదటిసారి. తిట్టడానికే తలుచుకున్నాను. గిన్నె ఖాళీ చేశాను. ఇంకొంచెం ఉందా అని అడిగాను.

రెండు గంటలయింది. డోకు రాలేదు.

అదే రోజు, సాయంత్రం

అత్తయ్య మూడింటికి వచ్చింది. కాళ్ళు కడుక్కుని నేరుగా డబ్బా మూత తీసింది. సగానికి పైగా ఖాళీ.

అరుస్తుందనుకున్నాను. ఉదయ్ కూడా అనుకున్నాడు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ అరవలేదు. మూత పెట్టేసింది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది, దాన్ని నేను మర్చిపోను. నా ఆయుష్షు తెచ్చి డబ్బాలో పోస్తుంటే నేనే కూర్చుని తినేసినట్టు చూసింది.

నాలుగు రోజుల తర్వాత అన్నం లోపలికి పోయింది. ఎవరికీ సంతోషం లేదు.

మార్చి 1. శనివారం

ఊరికి తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది, అత్తయ్యే వెళ్ళి బసవపున్నయ్యగారికి చెప్పింది. దేవుడి సొమ్ములో దాపరికం ఉండకూడదట.

ఆయన వచ్చాడు, వెంట ఇంకో నలుగురు. వాకిట్లో పంచాయితీ. మొదట బాగానే మాట్లాడాడు. మగాడు, వంటిల్లు తెలియనివాడు, పొరపాటున జరిగింది, పాపం ఆ పిల్లకి ఏం తెలుసు, పెట్టింది తిన్నది, తెలియక చేసినదాన్ని స్వామి క్షమిస్తాడు అన్నాడు. అందరూ నా వైపు జాలిగా చూశారు.

ఆ పాపం అన్న మాట దగ్గర నాకు తిక్క రేగింది. ఊరుకుంటే పోయేది. ఉదయ్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు. లేచి నిలబడి చెప్పేశాను. తెలియక కాదు, రెండో స్పూనుకే తెలిసింది, తెలిసే గిన్నెడూ తిన్నాను, ఆకలేసింది, తిన్నాను అన్నాను.

మిరపకాయల ఘాటుకి ఎవరో తుమ్మారు.

బసవపున్నయ్యగారు తెల్లబోయి, తర్వాత ఎర్రబడ్డాడు. తెలిసి తిన్నవాళ్ళ ఇంటి నుంచి తలంబ్రాలు వెళ్ళవు అన్నాడు. మిగిలిన వడ్లు, డబ్బాలో మిగిలిన మంచి గింజలు అన్నీ పసుపు సంచిలో పోయించుకున్నాడు. నూకల డబ్బా చూసి, ఇవి ఎవరికి కావాలి అని అక్కడే వదిలేశాడు. అత్తయ్య సంచి మూతి తన చేతులతోనే కట్టి ఇచ్చింది. ముడి పడలేదు, రెండుసార్లు కట్టింది.

నేను చేసింది తప్పని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు. కానీ ఆవిడ ఆ ముడి కడుతుంటే మాత్రం చూడలేక మొహం తిప్పుకున్నాను.

మార్చి 5

అత్తయ్య మాట్లాడటం లేదు. టైముకి మందులిస్తుంది, కాళ్ళు పడుతుంది, మాట్లాడదు. రామ అని కూడా అనడం లేదు. చాప చుట్టి మూల పెట్టేసింది.

తిడితే బాగుండు.

మార్చి 8. శనివారం

ముత్తక్క వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది. ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్నారట, పక్క గూడెం దాకా పోయిందట. నిజంగనే తిన్నవా అని అడిగింది. తిన్నాను అన్నాను. మంచిగున్నదా అంది. ఉప్పు లేదు అన్నాను.

వాళ్ళ గూడెంలో కొత్త పంట ముందు వాళ్ళ దేవత తల్లికి పెట్టాలె, ఆమె తినకముందు ఎవ్వరూ నోట్ల పెట్టొద్దు అని చెప్పింది. ఒకయేడు వాళ్ళ తమ్ముడు జంపయ్య ఆగలేక పండగకి ముందే చిక్కుడుకాయ తిన్నాడట. ఏమైంది అన్నాను. ఏమైతది, తల్లికి కోపమొచ్చింది, ఒక కోడిని ఇచ్చినం, ఊకున్నది అంది. తర్వాత చాలా సీరియస్‌గా, మీ రాముడు కోడి తినడాయె, గాయన కోపం దేంతోని పోతది బిడ్డా అని అడిగింది.

నవ్వొచ్చింది. నోటి పుళ్ళు పగిలేలా నవ్వాను. ఎన్ని నెలలయిందో ఇలా నవ్వి. అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసింది. వెళ్ళిపోయింది.

తర్వాత చాలాసేపు ఆలోచించాను. కోపం నాకు కదా ఉంది. నా కోపం పోవడానికి ఆయన ఏమిస్తాడు?

మార్చి 12. బుధవారం

చివరి డోసు అయిపోయింది. నర్సులు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చొక్కా గుండీ పెట్టుకుంటుంటే కుడి బొటనవేలి గోరు ఊడి గుండీకి అతుక్కుంది. నొప్పి లేదు. ఇప్పుడు ఎవరు వడ్లు ఇచ్చినా నేను ఒలవలేను. బసవపున్నయ్యగారు నిశ్చింతగా ఉండొచ్చు.

మార్చి 23. ఆదివారం

రేపు స్కాన్. ఇవాళ జరిగింది రాస్తే గానీ పడుకోలేను.

సాయంత్రం బసవపున్నయ్యగారు మళ్ళీ వచ్చాడు. చేతిలో పసుపు సంచి. అక్కయ్య ఇన్నేళ్ళు చేసిన సేవ చూసి బృందంలో అందరం ఆలోచించాం అన్నాడు. దారి ఉంది. అమ్మాయి రేపు ఖమ్మం వెళ్ళేలోపు గుళ్ళో అందరి ముందూ చెంపలేసుకుని, తెలిసి తప్పు చేశాను స్వామీ అని ఒప్పుకోవాలి. అంతే. వడ్లు తిరిగి ఇచ్చేస్తాడు, నవమికి ఇంకా టైం ఉంది, అక్కయ్య డబ్బా నింపుకోవచ్చు. రేపు స్కాన్ కదా, ఇలాంటి టైంలో స్వామితో వైరం మంచిది కాదు అని కూడా అన్నాడు.

బెదిరింపు. దేవుడి పేరు మీద శుద్ధ బెదిరింపు. కానీ ఆయన వైపు చూడలేదు, అత్తయ్య వైపు చూశాను. ఆవిడ సంచినే చూస్తోంది. ఇప్పుడు నన్ను బతిమాలుతుంది అనుకున్నాను. ఒక్కసారి చెంపలేసుకో ప్రియా, నా కోసం అంటుంది. ఆవిడ అడిగితే ఏం చేయాలి? ఆ ఒక్క నిమిషంలో, రాయడానికి సిగ్గుగా ఉంది, చెంపలేసుకుందామని కూడా అనుకున్నాను. భయం వేసింది. రేపటి స్కాన్ అంటే భయం.

అత్తయ్య లేచింది. సంచి తీసుకోలేదు. బసవపున్నయ్యగారిని కూర్చోమని కూడా అనలేదు. ఆవిడ అన్న మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. పెళ్ళి బియ్యం ఆకలేసిన ఆడపిల్ల తింటే పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి పోట్లాడతాడా తమ్ముడూ? నువ్వు పోట్లాడతావేమో. నా రాముడు అంత పిసినిగొట్టు కాదు అంది.

ఆయన ఏదో అనబోయాడు. చీకటి పడుతోంది, బండికి లైటు లేదు కదా, జాగ్రత్తగా వెళ్ళు అంది.

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ మాట కడుపులో పెట్టుకుని నన్ను ఎందుకు చంపారు, ఒక్కరోజైనా అనొచ్చు కదా అని అరిచాను. అవును, అరిచాను. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు రాకూడదని ఇంకా గట్టిగా అరిచాను. ఆవిడ నా పక్కన కూర్చుంది. నీ మీద కోపం కాదే పిచ్చిదానా, నాకే సిగ్గేసింది అంది. డబ్బా నిండితేనే కోడల్ని నిలుపు అని ఆయన్ని సంతలో బేరగాణ్ణి చేశాను, ఆయనేమో డబ్బాలోవి తీసి నీకే పెట్టించాడు, అది అర్థం చేసుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది అంది.

ఆయన పెట్టించలేదు, మీ అబ్బాయికి డబ్బాలు తెలియలేదు అన్నాను.

సరే, అలాగే అనుకో అంది.

రేపు స్కాన్ ఎలా వస్తుందో ఆవిడకి తెలియదు. నాకూ తెలియదు. తెలియకుండానే అంది. అది నాకు మింగుడు పడటం లేదు. ఇన్నాళ్ళూ ఈవిడది బేరం, నాది నిజాయితీ అనుకుంటున్నాను. చెంపలేసుకుందామనుకుంది ఎవరు?

మార్చి 24. సోమవారం, ఖమ్మం

గడ్డ సగానికి పైగా తగ్గింది. ఆపరేషన్ ఏప్రిల్ 4. చంకలో ఒకటి అనుమానంగా ఉందట, తీశాక పరీక్షకి పంపితే గానీ చెప్పలేమట. ఉదయ్ ఏడ్చాడు, సంతోషమో భయమో తనకే తెలియదు. అత్తయ్య సగం తగ్గిందన్న మాట వినలేదు, అనుమానం అన్న మాటా వినలేదు. బస్సుకి టైమైంది, ఏమైనా తిన్నావా అని అడిగింది.

బస్సులో కిటికీ వైపు కూర్చోబెట్టింది. పరీక్షలు ఇంకా అవ్వలేదని, ఎవరూ సిలబస్ చెప్పడం లేదని తిట్టుకుంటూ వచ్చాను.

మార్చి 30. ఆదివారం, ఉగాది

పాప ఫోన్లో పచ్చడి తిన్నానని చెప్పింది. చేదు మాత్రం ఏరి పక్కన పెట్టిందట. నా కూతురే.

ఏప్రిల్ 3. గురువారం, ఆసుపత్రి

రేపు పొద్దున ఆపరేషన్. గౌను ఇచ్చారు, వెనక బొందులు. చేతి గాజులు తీయించారు, మెడలో గొలుసు తీయించారు. అత్తయ్య సంచిలో బట్టలూ దుప్పటీ, వాటి మధ్య నూకల స్టీలు డబ్బా. నవ్వొచ్చింది. నాకింకా భూమ్మీద నూకలున్నాయా అత్తయ్యా అన్నాను. అపశకునం అంటుందనుకున్నాను. మూత తీసి చూపించి, బోలెడున్నాయి అంది.

ముత్తక్క ఫోన్ చేసింది, అటు నుంచి అంతా గాలి చప్పుడు. వాళ్ళ తల్లికి నా పేరు మీద కోడి ఇస్తానని మొక్కుకుందట. వద్దన్నాను. నిన్నెవరు అడిగిండ్రు, గది నాకూ తల్లికీ నడుమ సంగతి అని పెట్టేసింది.

భయంగా ఉంది. ఆయన మీద కోపంగా ఉంది. రెండూ ఒక్కసారే ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రావడం లేదు. లైటు తీసేస్తున్నారు.

ఏప్రిల్ 6. ఆదివారం, శ్రీరామనవమి, మధ్యాహ్నం

కుడి చేయి లేవదు. ఎడమ చేత్తో రాస్తున్నాను.

వార్డు టీవీలో కళ్యాణం. తలంబ్రాలు పోస్తున్నారు. అందులో మా ఇంటివి లేవు. అత్తయ్య కింద క్యాంటీన్‌లో బతిమాలి జావ కాయించుకొచ్చింది. నూకలది. బాగా కరిగింది.

గిన్నె నేనే తీసుకుని ఒడిలో పెట్టుకున్నాను. మొదటి స్పూను టీవీ వైపు ఎత్తి, ముందు నువ్వు తిను అన్నాను. పక్క బెడ్ ఆవిడ అటు తిరిగి చూసింది.

కాసేపు ఆగాను. తర్వాత నేను తిన్నాను.

కోపం పోలేదు.